రాణి పైపెదవి

"ఆ తువాలు తియ్యకు. మందు ఆరనీ," అంది కొరింగ్.

"మందు సంగతి తర్వాత ఆతే. పిల్ల కన్ను మూసుకుపోతోంది. ఒకసారి ఇలా వచ్చి చూడండి," అంది నిమ్ఫా.

"నిద్రమొహం. అంతే."

"ఒక్క కన్నే నిద్రపోయిందా?"

కొరింగ్ కుర్చీ ఎక్కి, దూలానికి వేలాడుతున్న తెల్లగౌను అంచుకి పిన్నులు పెడుతోంది. ఎడమచేత్తో పెడుతోంది. కుడిచెయ్యిని ఒంటికి తగలకుండా కాస్త ఎడంగా పట్టుకుంది. ఆ ఇంట్లో ఆమె మాటకి ఎదురు లేదు. నిమ్ఫా మొగుడికి అక్క, అందుకే మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఆతే. పెళ్ళి చేసుకోని మనిషి. ఇస్త్రీ దుకాణం ఆమెది. లెన్‌లెన్‌ని చంకనేసుకుని పెంచింది కూడా ఆమే. నిమ్ఫా కన్నది మాత్రమే అని వీధిలో వాళ్ళు నవ్వులాటకి అంటారు. ఆ నవ్వులాట నిమ్ఫాకి ఏనాడూ నచ్చలేదు.

లెన్‌లెన్ గోడవార బల్ల మీద పడుకుని ఉంది. పదిహేడేళ్ళ పిల్ల. ఎడమ ముక్కుపుటం కింద, పైపెదవి మీద, సెగ్గడ్డ నేరేడుపండంత లేచింది. దాని చుట్టూ నూరిన మందార ముద్ద, ముద్ద మీద తువాలు. నిన్నటిదాకా వాపు పెదవి దగ్గరే ఉంది. ఇవాళ చెంప ఎక్కి కంటిదాకా పోయింది. రెప్పలు రెండూ ఉబ్బి ఒకదాన్నొకటి అంటుకున్నాయి.

సాయంత్రమే ఊరేగింపు. మే నెల ఆఖర్న వచ్చే ఆ ఊరేగింపు కోసం మా శాన్ రోకే పేట ఏడాది పొడుగునా ఎదురుచూస్తుంది. పవిత్ర శిలువను వెతికి తెచ్చిన ఎలెనా రాణి వేషం కట్టి, అందరికంటే చివర పూలతోరణం కింద నడవాల్సిన పిల్ల ఇక్కడ బల్ల మీద పడి మూలుగుతోంది.

"జ్వరం కూడా పెరిగింది. నేను ఆస్పత్రికి తీసుకుపోతాను," అంది నిమ్ఫా.

"తీసుకుపోయి ఏం చెప్తావ్? దీని మొహం మీద చన్నీళ్ళు కొట్టించింది నేనే అని చెప్తావా?"

పుండు మీద కారం చల్లడం కొరింగ్‌కి బాగా తెలుసు.

ఊరేగింపులో నడిచే పిల్లలందరి గౌన్లూ ఆ ఇంట్లోనే ఇస్త్రీ అవుతాయి. వారం కిందట ఓరోజు లెన్‌లెన్ పొద్దుట్నించీ ఇస్త్రీ చేసి చేసి, ఆవిరికి ఉడికిపోయి, పంపు దగ్గరికి పరుగెత్తి మొహం మీద గుప్పెళ్ళతో నీళ్ళు కొట్టుకుంది. పంపు కొట్టింది నిమ్ఫా. మర్నాటికి పైపెదవి మీద ఎర్రటి పొక్కు. ఇంకేం కావాలి? ఇస్త్రీపెట్టె పట్టిన చేతికి ఆ పూట నీళ్ళు తగలకూడదని, వేడి మీద చల్లదనం పడితే పాస్మా పట్టుకుని రక్తం పాడవుతుందని ఈ పేటలో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. తెలిసీ తల్లే కూతురి చేత ఆ పని చేయించింది.

అప్పట్నించి లెన్‌లెన్‌కి స్నానం బందు. మొహం కడగడం బందు. చేతులు కడుక్కోవడం కూడా బందు. అత్తగారు లోలా సిద్రా నూరి ఇచ్చే మందార ముద్ద, తుడవడానికి ఇంటిల్లిపాదీ వాడే తువాలు, అదే వైద్యం. నిమ్ఫా నోరెత్తలేదు. నేరం తనదే అయినప్పుడు ఎలా ఎత్తుతుంది?

ఇంకో సంగతి కూడా ఉంది. అది ఎవరికీ గుర్తు లేదు. ఆ పొక్కు రావడానికి ముందు ఓ మధ్యాహ్నం కొరింగ్ పిల్లని కిటికీ దగ్గర కూర్చోబెట్టి కనుబొమలు దిద్ది, పైపెదవి మీది నూగు గీసింది. రాణి వేషం కట్టబోయే పిల్లకి అది మామూలే. మామూలు సంగతుల్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

"నానయ్, ఆ కిటికీ మూసెయ్. వెలుతురు గుచ్చుకుంటోంది," అంది లెన్‌లెన్ తల్లితో.

నిమ్ఫా కిటికీ మూసి వచ్చి, కొరింగ్ వద్దన్నా వినకుండా తువాలు తీసింది. మందార ముద్దని వేలితో పక్కకి నెట్టింది. గడ్డ మొన చితికిపోయి ఉంది. చుట్టూ ఎండిన నెత్తురు, రెండు గోళ్ళ గుర్తులు.

"దీన్ని ఎవరు గిల్లారు?"

కొరింగ్ కుర్చీ దిగింది. "గిల్లడం ఏంటి? తెల్లారి చూస్తే మొన తేలి ఉంది. పిండాను."

"పిండారా?"

"పిండకపోతే ఎలా? చీము పోతే వాపు తగ్గుద్ది, సాయంత్రానికి పౌడరు అద్ది నడిపించొచ్చు అనుకున్నా."

"చీము వచ్చిందా మరి?"

కొరింగ్ పిన్నుల డబ్బా మూత పెట్టింది. మళ్ళీ తీసింది.

"నెత్తురొచ్చింది," అంది.

పెరట్లో లోలా సిద్రా మందార మొగ్గలు దంచుతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది. అది కూడా ఆగింది. ముసలావిడ రెండు కొబ్బరి చిప్పల నిండా ముద్ద పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఒకటి బల్ల మీద పెట్టి, రెండోది శాలువా చాటున కొరింగ్ గది వైపు తీసుకుపోతోంది.

"రెండెందుకు ఇనాంగ్?" అని అత్తగారిని అడిగింది నిమ్ఫా.

"ఒకటి నిలవకి."

"మందార నిలవుంటుందా? కాసేపటికే నల్లబడిపోద్ది గదా."

లోలా సిద్రాకి చెవుడు లేదు. అవసరం పడినప్పుడు మాత్రం వస్తుంది. వినిపించుకోకుండా గదిలోకి వెళ్ళి, ఒట్టి చేతులతో తిరిగి వచ్చింది.

గోడ గూట్లో పునీతుడు శాన్ రోకే బొమ్మ ఉంది. పైబట్ట ఎత్తి తొడ మీది పుండుని అందరికీ చూపిస్తూ నిలబడతాడు ఆయన. కాళ్ళ దగ్గర కుక్క. మహమ్మారి రోజుల్లో రోగులకి చాకిరీ చేసి ఆ పుండు తెచ్చుకున్నాడట. ఆయన తన పుండుని దాచుకోలేదు. ఆయన పేరు పెట్టుకున్న పేటలోనే జనం ఇన్ని దాచిపెడతారంటే నాకు ఒళ్ళు మండుతుంది.

కొరింగ్ ఆ బొమ్మ వైపు చెయ్యి చూపించింది. "పోయినేడు ఇనాంగ్ ఆస్పత్రి మంచం మీద ఊపిరి లాగుతుంటే ఈయన కాళ్ళు పట్టుకున్నది నేను. అమ్మ నడిచి ఇంటికొస్తే వచ్చే మే నెలలో రాణి మా ఇంటినించే అని మొక్కుకున్నా. నడిచొచ్చింది. అదుగో, నీ ఎదురుగా నిలబడి ఉంది. ఇప్పుడు మాట తప్పమంటావా?"

"పిల్ల పరిస్థితి ఇలా ఉంటే మొక్కేంటి ఆతే?"

"మాట తప్పాక ఇనాంగ్‌కి ఏదైనా అయితే?"

"ఇప్పుడు నా కూతురికి అవుతోంది గదా!"

"నీ కూతురా?" అంది కొరింగ్. "దీనికి పాలసీసా పట్టిందెవరు? విరేచనాలైతే రాత్రిళ్ళు భుజాన వేసుకుని తిరిగిందెవరు? నువ్వు చెరువుగట్టున చేపలమ్ముకుంటూ..."

వీధిలో బండి ఆగిన చప్పుడు విని మాట మింగేసింది. నిమ్ఫా మొగుడు ఫ్రోయిలాన్ తన మోటారు ట్రైసికిల్‌కి ఊరేగింపు కోసం కొబ్బరాకులు కట్టించుకుని వచ్చాడు. వెనకాలే చిన్న కూతురు పిలార్ ఆకుముక్కలు దులుపుకుంటూ దిగింది. పదమూడేళ్ళది. పైపెదవి మీద నల్లటి నూగు కాస్త ఎక్కువ. అందుకని తండ్రి దాన్ని కెప్టెన్ అని పిలుస్తాడు. ఆ పిలుపుకి పిలార్ ఉడుక్కోవడం, ఎవరూ చూడనప్పుడు అద్దం ముందు నిలబడి పెదవి చేత్తో కప్పుకోవడం ఇంట్లో అందరికీ తెలుసు.

"ఏం కెప్టెన్, మీ అక్క లేచిందేమో చూడు," అంటూ లోపలికి వచ్చిన ఫ్రోయిలాన్ ముగ్గురి మొహాలూ చూసి ఆగిపోయాడు.

"ఫ్రోయ్, నువ్వే చూడు," అంది నిమ్ఫా.

అతను బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అక్కకి ఎదురుచెప్పిన మనిషి కాదు. చిన్నప్పట్నించీ ఆమె తిట్టినా నవ్వడమే అతనికి అలవాటు. ఆ నవ్వు ఇప్పుడూ మొహం మీద సగం అలాగే ఉంది.

"లెన్, అమ్మా, నన్ను చూడు."

లెన్‌లెన్ కుడికన్ను తెరిచి తండ్రి వైపు తిప్పింది. నిమ్ఫా ఎడమరెప్పని మెల్లగా పైకెత్తింది. లోపల తెల్లగుడ్డు ఎర్రగా ఉబ్బి ఉంది. కనుపాప కదల్లేదు. కొంచెం ముందుకు పొడుచుకొచ్చి, దూలానికి వేలాడుతున్న గౌను వైపే నిలిచిపోయింది.

"రెండు కళ్ళతోనూ చూడమ్మా."

"చూస్తున్నా గదా ఇటాయ్," అంది లెన్‌లెన్.

ఫ్రోయిలాన్ మొహం మీది నవ్వు పోయింది. పిల్లని దుప్పటితో సహా రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు.

కొరింగ్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఎక్కడికి? సాయంత్రం దాకా ఆగు. ఊరేగింపు అయ్యాక నేనే తీసుకొస్తా. ఫ్రోయ్, నా మాటంటే లెక్కలేదా నీకు?"

"పక్కకి జరుగు ఆతే."

అతని నోట ఆ మాట విని కొరింగ్ నిజంగానే పక్కకి జరిగింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లెన్‌లెన్ పాదం దుప్పట్లోంచి బయటికి వేలాడుతుంటే ఎడమచేత్తో లోపలికి సర్దింది. ఆ పిల్లంటే ఆమెకి ప్రాణం. అందులో ఎవరికీ అనుమానం లేదు, నిమ్ఫాకి కూడా.

"పోనీ కొరింగ్," అంది వెనకనించి లోలా సిద్రా. "వెళ్ళనీ. మొక్కు ఇంటిది. ఆ పిల్లొక్కదానిదే కాదు."

నిమ్ఫా చెప్పులు వెతుక్కుంటోంది. ఆ మాట చెవిన పడింది గాని బుర్రకి ఎక్కలేదు. వెనక్కి తిరిగి చూసినప్పుడు పిలార్ గౌను పక్కన నిలబడి, ఆ తెల్లగుడ్డకి చెంప ఆనించి చూస్తోంది.

* * *

"ఎవరు పిండారు?"

డాక్టర్ మాగ్సినో మొదట అడిగిన మాట అదే. నలభై ఏళ్ళ ఆడమనిషి. గొంతు పెంచదు. పెంచకపోవడమే భయంగా ఉంది నిమ్ఫాకి.

"మా ఆడబిడ్డ," అంది నిమ్ఫా. "పొద్దున."

డాక్టరు టార్చి వేసి రెండు కళ్ళలోకీ చూసింది. వేలు అటూ ఇటూ కదిపి, చూపు తిప్పమంది. నుదురు మీద చెయ్యి పెట్టి, మెడ వంచి చూసింది. నర్సుకి ఏవో మందుల పేర్లు చెప్పి, సెలైన్‌లోంచి వెంటనే ఎక్కించమంది. తర్వాత అంబులెన్సు సిద్ధం చెయ్యమని కబురు పంపింది.

"అంబులెన్సు ఎందుకండీ?" అన్నాడు ఫ్రోయిలాన్. "ఇక్కడ తగ్గదా?"

"ఇక్కడ స్కానింగు లేదు. పెద్దాస్పత్రికి పోవాలి. కూర్చోండి, చెప్తాను."

ఇద్దరూ ఒకే బెంచీ మీద రెండు చివర్ల కూర్చున్నారు.

"ఇది సెగ్గడ్డే," అంది డాక్టరు. "వెంట్రుక మొలిచే కుదురుంటుంది గదా, దాంట్లోకి క్రిమి దిగితే మొదట చిన్న పొక్కు లేస్తుంది. చాలావరకు అక్కడితో పోతాయి. ఇంకా లోతుకి దిగితే ఇలా గడ్డ కడుతుంది. శుభ్రంగా కడిగి, గోరువెచ్చటి గుడ్డతో కాపడం పెట్టి, దాని జోలికి పోకుండా ఉంటే మామూలుగా అదే పగిలి మానుతుంది. పెద్దదైనా, జ్వరం వచ్చినా, మొహం మీద లేచినా మా దగ్గరికి రావాలి."

"పిండితే చీము బయటికి పోద్దనుకుంది మా అక్క," అన్నాడు ఫ్రోయిలాన్.

"బయటికే పోవాలని దానికి ఎవరు చెప్పారు? లోపలికి కూడా పోతుంది. వీపు మీద గడ్డ వేరు. ముక్కూ పైపెదవీ ఉన్న ఈ చోట నెత్తుటి నాళాలు కంటి వెనక్కి పోతాయి. అక్కణ్ణించి మెదడు దగ్గరికి. క్రిమి ఆ దారి పట్టిందని నా అనుమానం."

"కన్ను పోతుందా అండీ?" అంది నిమ్ఫా.

డాక్టరు టార్చి జేబులో పెట్టుకుంది. "ముందు ప్రాణం సంగతి చూద్దాం," అంది.

నిమ్ఫా చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. ఆ చేతులే పంపు కొట్టాయి. ఆ మాట ఎప్పటికైనా చెప్పాల్సిందేనని చెప్పేసింది.

"ఇదంతా నావల్లే డాక్టరుగారూ. ఇస్త్రీ వేడి ఒంట్లో ఉండగానే మొహం కడగనిచ్చా. పాస్మా పట్టింది. అప్పట్నించి నీళ్ళు తగలనివ్వలేదు, అయినా తగ్గలేదు."

"అప్పట్నించి కడగలేదా? చేతులు కూడా?"

"కడగనివ్వలేదు."

"మా అమ్మకీ ఉంది ఆ నమ్మకం. నన్నూ కడుక్కోనిచ్చేది కాదు," అంది డాక్టరు. "నీళ్ళవల్ల గడ్డలు రావు తల్లీ. నువ్వు పంపు కొట్టినందుకు రాలేదు. కడగకుండా, ఒకటే తువాలుతో తుడుస్తూ ఉంచినందుకు పెరిగి ఉంటుంది."

నిమ్ఫాకి ముందు ఊపిరి ఆడినట్టయింది. ఇన్నాళ్ళూ గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది. కూతురు ఆ స్థితిలో ఉండగా తనకి హాయిగా అనిపించినందుకు మరుక్షణమే సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే కోపం వచ్చింది.

"మరి ఎక్కణ్ణించి వచ్చింది?"

"ఆ క్రిమి చాలామంది ముక్కుల్లో, చర్మం మీద ఊరికే ఉంటుంది. తోలు తెగితే లోపలికి దారి దొరుకుతుంది. పైపెదవి మీద ఈమధ్య ఏమైనా గీరుకుందా? గాయం?"

"లేదండీ," అంది నిమ్ఫా. వెంటనే కిటికీ పక్కన కుర్చీ, పిల్ల మెడ చుట్టూ తువాలు, గులాబీరంగు పిడి ఉన్న రేజరు కళ్ళ ముందు కదిలాయి. "నూగు గీశారు. వేషం కోసం."

"ఎవరి రేజరు?"

"మా ఆడబిడ్డది."

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి గడ్డలున్నాయా? ఇప్పుడు గాని, ఈమధ్య గాని?"

"ఎవరికీ లేవండీ."

ఫ్రోయిలాన్ దగ్గాడు. తన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు. డాక్టరు నిమ్ఫాని వదిలి అతని వైపు తిరిగింది.

"మీరు చెప్పండి."

"ఉంది," అన్నాడు. "అక్కకి. చంకలో. ఈస్టరుకి ముందు నించీ. ఒకటి మానుద్ది, పక్కన ఇంకోటి లేస్తుంది."

నిమ్ఫాకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఒంటికి ఎడంగా పట్టుకున్న కుడిచెయ్యి, ఎడమచేత్తో పెట్టిన పిన్నులు, శాలువా చాటున గదిలోకి పోయిన కొబ్బరి చిప్ప. రోజూ కళ్ళ ముందే ఉన్నాయి. తను తల వంచుకుని తిరగబట్టి చూడలేదు.

"ఆ రేజరుతోనే చంక గీసుకుంటుందా ఆవిడ?" అంది డాక్టరు.

"ఇంట్లో ఉన్నది అదొక్కటే," అంది నిమ్ఫా.

"ఇవాళే పారెయ్యండి. మళ్ళీ ఎవరి ఒంటికీ తగలకూడదు. తువాళ్ళు, దిండుగలీబులు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వెయ్యండి. ఎవరి తువాలు వాళ్ళదే. ఆవిణ్ణి నా దగ్గరికి పంపండి. ఇలా తిరగబెడుతున్నాయంటే ఒంట్లో చక్కెర ఉందేమో చూడాలి." డాక్టరు లేచి లెన్‌లెన్ మంచం దగ్గరికి వెళ్ళింది.

బెంచీ మీద ఇద్దరే మిగిలారు.

"నీకు తెలుసు," అంది నిమ్ఫా.

"చెప్పొద్దంది. సిగ్గుపడింది. ఇస్త్రీ బట్టలు ఎవరూ ఇవ్వరేమోనని భయపడింది."

"ఇనాంగ్‌కి తెలుసు. నీకు తెలుసు. నేనే పరాయిదాన్ని."

"అలా కాదు నిమ్ఫా..."

"భోజనాల దగ్గర మీ అక్క రోజూ నన్ను దెప్పింది. పిల్ల మొహం పాడుచేసిన తల్లివి అంది. నువ్వు పక్కనే కూర్చుని అన్నం తిన్నావు. దానికీ దీనికీ సంబంధం ఉందని నీకు తెలీదు, సరే. కానీ దెప్పుతుంటే ఒక్కసారైనా నీకు నోరు రాలేదా?"

ఫ్రోయిలాన్ మళ్ళీ తన చెప్పుల వైపు చూశాడు. నిమ్ఫా ఆ మౌనాన్ని పదిహేడేళ్ళుగా ఎరుగును. ఇన్నాళ్ళూ దాన్ని మంచితనం అనుకుంది.

ఇంటికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎత్తే దిక్కు లేదు. ఊరేగింపు వేళయింది, అందరూ చర్చి ముందుకి పోయి ఉంటారు.

"నువ్వు ఇంటికి పో," అంది మొగుడితో. "ఆ రేజరు తీసి పారెయ్. పిలార్‌ని నీ దగ్గరే ఉంచుకో. ఆ ఇంట్లో తువాలు ముట్టుకోనివ్వకు. నేను లెన్‌తో వెళ్తా."

అతను వెళ్ళాడు. రోడ్లు మూసేశారని బండి ఆస్పత్రి దగ్గరే వదిలి, నడిచే వెళ్ళాడు.

* * *

అంబులెన్సు గేటు దాటి పదడుగులు పోయిందో లేదో ఆగిపోయింది.

"ఏమైంది?" అంది నిమ్ఫా.

"ఊరేగింపు అడ్డమొచ్చింది," అన్నాడు డ్రైవరు. "రాణి దాటేదాకా కదల్లేం అక్కా. అటూ ఇటూ జనం, ఎక్కడికి తప్పుకుంటారు పాపం? దగ్గరికొచ్చేసింది, కాసేపే."

సైరను ఒకసారి మోగించి చూశాడు. బ్యాండు మేళం హోరులో అది దూరం పోలేదు. ముందున్న వాళ్ళు కొందరు వెనక్కి తిరిగి, శిలువ గుర్తు వేసుకుని, మళ్ళీ రోడ్డు వైపు తిరిగారు.

లెన్‌లెన్ స్ట్రెచరు మీద పడుకుని ఉంది. చేతికి సెలైన్. ఎడమకన్ను మీద తడిగుడ్డ వేశారు. నిమ్ఫా కుడికన్ను వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. పొద్దున తండ్రిని చూసిన ఆ కన్ను కింద కూడా ఇప్పుడు సన్నగా వాపు మొదలైంది.

"నానయ్, బ్యాండు మన వీధిదేనా?"

"మనదేనమ్మా."

"నా గౌను ఎవరికిచ్చారు?"

"ఎవరికీ ఇవ్వలేదు. ఇంట్లోనే ఉంది," అంది నిమ్ఫా. అలాగే ఉందనుకుంది.

పూలతోరణాలు ఒక్కొక్కటే దాటుతున్నాయి. ఒక్కో తోరణం కింద ఓ పిల్ల, పిల్ల పక్కన కొవ్వొత్తులు పట్టుకున్న తల్లీ మేనత్తలూ. అందరి గౌన్లూ తన ఇంట్లో ఇస్త్రీ అయినవే. నిమ్ఫా వాటిని మడతల్ని బట్టి గుర్తుపడుతోంది. ఈ ఏడు రాణి లేకుండానే నడుస్తారు కాబోలు అనుకుంది. లేకపోతే పేటపెద్ద కూతురు ఉండనే ఉంది.

ఆఖరి తోరణం వచ్చింది. అన్నిటికంటే పెద్దది, తెల్లటి పూలు. దాని కింద ఉన్న గౌనుని నిమ్ఫా ముందు గుర్తుపట్టింది. నడుము దగ్గర మడిచి పిన్నులు పెట్టారు. పొడుగెక్కువై అంచు నేలమీద ఈడుస్తోంది. ఎవరికో కుట్టిన గౌను ఇంకెవరో చిన్నపిల్ల వేసుకుంది.

పిల్ల తల ఎత్తింది. పిలార్.

కిరీటం బరువుకి మెడ బిగబట్టి నడుస్తోంది. మొహం వెలిగిపోతోంది. దాన్ని అంత సంతోషంగా నిమ్ఫా ఎప్పుడూ చూడలేదు. పిలార్ పెదవిని చేత్తో కప్పుకోలేదు. కప్పుకోవాల్సిన అవసరం లేదు. కెప్టెన్ మీసం పోయింది. పైపెదవి నున్నగా, తెల్లగా మెరుస్తోంది. ఎడమ మూల దగ్గర చిన్న కాగితం ముక్క అతికించి ఉంది. దాని మధ్యన ఎర్రటి చుక్క.

నిమ్ఫా గాజుపలకని అరచేత్తో బాదింది. "పిలార్, ఆగు. కొరింగ్, దాన్ని ముట్టుకోకు." ఆడబిడ్డని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆ పిలుపు బ్యాండు మోతలో కలిసిపోయింది.

పిలార్ అంబులెన్సు వైపు తిరిగింది. గాజు వెనక తల్లి మొహం చూసింది. తల్లి తనని చూసి మురిసిపోతోంది అనుకుంది కాబోలు, గ్లవ్ తొడిగిన చెయ్యి ఎత్తి నవ్వింది. దాని పక్కన కొరింగ్ నడుస్తోంది. ఆమె కూడా నిమ్ఫాని చూసింది. గడ్డం పైకెత్తి, శాన్ రోకేకి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాం చూడు అన్నట్టు తలూపింది. జనం వెనకాల, తోసుకుంటూ ముందుకి రాబోతున్న ఫ్రోయిలాన్ తల ఒకసారి కనిపించి మునిగిపోయింది.

"ఎవరు నానయ్?" అంది లెన్‌లెన్. "రాణి ఎవరు? చెప్పు. నాకేం కనపడట్లేదు."

నిమ్ఫా ఒక చెయ్యి లెన్‌లెన్ చేతిలో ఉంది. రెండో చెయ్యి తలుపు గొళ్ళెం మీద ఉంది.

"దారి దొరికింది అక్కా, గట్టిగా పట్టుకో," అన్నాడు డ్రైవరు.

బండి కదిలింది. వెనక అద్దంలోంచి తెల్లతోరణం చిన్నదవుతోంది. ఎండకీ కిరీటం బరువుకీ పిలార్‌కి చెమటలు పట్టినట్టున్నాయి. కొరింగ్ తన భుజం మీది తువాలు తీసి, నడుస్తూనే వంగి, పిలార్ పైపెదవిని మెల్లగా, ముద్దుగా అద్దింది.